సీనాయి ఎడారిలో ఒక్కరోజు ప్రయాణాలు

ఎఱ్ఱ సముద్రం పేరు వినని క్రైస్తవ కుటుంబం మన పల్లెల్లో ఉండదు. సండేస్కూలుకు వెళ్లే చిన్నపిల్లలు కూడా మోషే కఱ్ఱ చాపిన సంగతి, నీళ్లు గోడల్లా నిలిచిన సంగతి గడగడా చెప్పేస్తారు. అయితే ఆ సముద్రపు ఒడ్డున ఈనాడు ఏముంది, ఇశ్రాయేలీయులు నడిచిన అరణ్యం ఎలా ఉంటుంది, సీనాయి కొండ ఎక్కాలంటే ఎంతసేపు పడుతుంది అని అడిగితే మనలో చాలామంది తడుముకోవలసిందే. పరిశుద్ధ దేశ యాత్రలకు మన తెలుగువారు కూడా బయలుదేరుతున్న ఈ కాలంలో ఆ ప్రాంతం గురించి కొంత తెలుసుకోవడం మంచిది. వెళ్లగలిగిన వారికి అది దారి చూపుతుంది. వెళ్లలేని వారికి నిర్గమకాండము చదివేటప్పుడు ఆ చోట్లు కళ్లకు కడతాయి.

విహార నగరం

ఐగుప్తు దేశపు పటం తీసి చూస్తే, కుడివైపున త్రికోణాకారంలో ఒక భూభాగం సముద్రంలోకి చొచ్చుకుని కనిపిస్తుంది. అదే సీనాయి ద్వీపకల్పం. దానికి పడమట సూయజు సింధుశాఖ, తూర్పున అకాబా సింధుశాఖ ఉన్నాయి. ఆ త్రికోణపు దక్షిణపు కొన దగ్గర ఉన్న ఊరే షరమ్ ఎల్ షేక్. ఒకప్పుడు అది జాలరులు పడవలు నిలుపుకొనే చిన్న రేవు. 1967 యుద్ధంలో ఇశ్రాయేలు సైన్యం సీనాయిని ఆక్రమించింది. 1979లో రెండు దేశాల మధ్య శాంతి ఒడంబడిక కుదిరాక, 1982 ఏప్రిల్ 25న ఆ ఊరు తిరిగి ఐగుప్తు చేతికి వచ్చింది. అప్పటినుండి అక్కడ హోటళ్లు, విహార స్థలాలు బాగా పెరిగాయి. నీటి అడుగున రంగురంగుల పగడపు దిబ్బలను చూడడానికి ఐరోపా దేశాల నుండి లక్షల మంది వచ్చారు.

ఆ ఊరు కష్టాలు కూడా చూసింది. 2005 జూలైలో జరిగిన బాంబు దాడుల్లో అనేకులు చనిపోయారు. 2015 అక్టోబరు 31న అక్కడినుండి బయలుదేరిన రష్యా విమానం సీనాయి మీదనే కూలిపోయి, అందులోని 224 మందీ మరణించారు. ఆ తరువాత కొన్నేళ్లు హోటళ్లు ఖాళీగా ఉండిపోయాయి. 2022 నవంబరులో ప్రపంచ వాతావరణ మహాసభ జరిగింది ఆ ఊరిలోనే.

సముద్ర స్నానాలకు వచ్చినవారిలో ఎంతోమంది ఒక రోజు తీరిక చేసుకుని లోపలి ఎడారికి, కొండలకు వెళ్లివస్తుంటారు. వాళ్లకు అది వినోద యాత్ర. బైబిలు చేతబట్టుకుని వెళ్లే కుటుంబానికి మాత్రం ఆ ఒక్క రోజే ప్రయాణమంతటిలోకీ విలువైన రోజు. ఇశ్రాయేలీయులు సముద్రాన్ని దాటిన చోటు మాత్రం ఇది కాదు. అది ఇక్కడికి చాలా దూరాన, ఉత్తరాన ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

దగ్గరలో చూడదగినవి

నగరానికి దక్షిణాన కొద్ది దూరంలో రాస్ మహమ్మద్ అనే భూశిరం ఉంది. రెండు సింధుశాఖలు కలిసే చోటది. 1983లో దాన్ని జాతీయ వనంగా ప్రకటించారు. ఐగుప్తులో అదే మొదటి జాతీయ వనం. గట్టుమీద గడ్డిపోచ కూడా మొలవని ఎడారి. ఒక్క అడుగు కిందికి దిగితే నీటిలో వేలకొద్దీ చేపలు. ఇంత ఎండిన నేలను ఆనుకొని ఇంత జీవం ఉన్న నీళ్లా అని చూసినవారు ఆశ్చర్యపోతారు.

ఉత్తరాన నబ్క్ అనే చోట సముద్రపు ఒడ్డున మడ అడవులున్నాయి. కాకినాడ దగ్గర కోరింగ చూసినవారికి ఆ చెట్లు కొత్తగా ఉండవు. మన కోరింగలో ఉండే తెల్లమడ జాతే అక్కడా ఉంది. మనకు గోదావరి మంచినీరు అందుతుంది. అక్కడ నదే లేదు. ఉప్పునీటిలో వేరూని, ఆకుల మీదికి ఉప్పును వదిలేస్తూ ఆ చెట్లు బతుకుతున్నాయి.

ఇంకా ఉత్తరాన నువేబా ఊరి దగ్గర కొండల్లో ఒక ఇరుకు లోయ ఉంది. రంగుల లోయ అని దానికి పేరు. ఇసుకరాతిలో ఇనుము మొదలైన లోహాలు కలిసినందువల్ల గోడలమీద ఎరుపు, పసుపు, ఊదా చారలు తేరి ఉంటాయి. కొన్నిచోట్ల మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఆ లోయను చెక్కింది వాన నీరే. అరబ్బీలో ఇలాంటి ఎండు లోయను వాదీ అంటారు. మన వాగు, వంకల వంటిదే. అనంతపురం జిల్లాను మనం కరవుసీమ అంటాం గాని, అక్కడ ఏడాదికి సగటున 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. సీనాయి దక్షిణ తీరంలో 20 మిల్లీమీటర్లు కూడా పడదు. కాని ఎక్కడో కొండమీద ఒక్క జడివాన కురిస్తే చాలు, బండరాయి చుక్క నీరు పీల్చదు గనుక ఆ నీరంతా ఒక్కసారిగా వాదీలోకి దూకుతుంది. కనుక మబ్బు పట్టిన రోజున ఇలాంటి లోయల్లోకి దిగకూడదు. ఎడారిలో దాహంతోనే గాక వరదతో కూడా మనుషులు చనిపోతారని అక్కడివారు యాత్రికులను హెచ్చరిస్తారు.

కొండదారి

షరమ్ ఎల్ షేక్ నుండి సీనాయి కొండ సుమారు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. బస్సులో మూడు గంటల ప్రయాణం. దారిలో పోలీసు తనిఖీ కేంద్రాలు ఉంటాయి గనుక పాస్‌పోర్టు దగ్గరే ఉంచుకోవాలి. సూర్యోదయం శిఖరం మీద చూడాలని సాధారణంగా రాత్రి భోజనం కాగానే బయలుదేరి, అర్ధరాత్రి దాటాక కొండ కిందికి చేరుకుంటారు.

ఈ కొండను అరబ్బులు జెబెల్ మూసా, అంటే మోషే కొండ అంటారు. ఎత్తు 2,285 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఇంత ఎత్తయిన శిఖరం లేదు. దాని పక్కనే ఉన్న కేథరిన్ కొండ 2,600 మీటర్లకు పైగా ఎత్తుండి ఐగుప్తులోకెల్లా ఎత్తయినదిగా పేరుపొందింది. కొండ పాదం దగ్గరి మఠమే మన హార్సిలీ కొండకంటె ఎత్తున ఉంది. అందుచేత ఎడారి గదా అని పలుచని బట్టలతో వెళ్లినవారు వణికిపోతారు. చలికాలంలో అక్కడ మంచు కూడా కురుస్తుంది.

పైకి రెండు దారులున్నాయి. ఒకటి ఒంటెల బాట. వంపులు తిరుగుతూ మెల్లగా పైకి పోతుంది. మామూలుగా నడిచేవారికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. నడవలేనివారు ఒంటెనెక్కి చాలా దూరం పోవచ్చు. కాని చివరి 750 మెట్లు ఎవరైనా సొంత కాళ్లతో ఎక్కవలసిందే. రెండవది పశ్చాత్తాప సోపానాలనబడే రాతి మెట్ల దారి. మఠం వెనుకనుండి తిన్నగా శిఖరం దాకా సుమారు 3,750 మెట్లు. ఒక సన్యాసి పశ్చాత్తాపంతో ఈ మెట్లను పేర్చాడని చెబుతారు. చీకట్లో ఈ దారి ప్రమాదం. దిగేటప్పుడు పగటి వెలుగులో వాడుకోవడం మేలు.

రెండు దారులు కలిసే చోట ఒక చదునైన నేల, కొన్ని సైప్రస్ చెట్లు ఉన్నాయి. దాన్ని ఏలీయా మైదానం అంటారు. యెజెబెలుకు భయపడి పారిపోయి, బదరీ వృక్షం కింద పడుకుని చావు కోరుకున్న ఆ ప్రవక్త నలభై రోజులు నడిచి హోరేబుకు వచ్చినట్టు మొదటి రాజులు 19వ అధ్యాయంలో చదువుతాం. ముసలివారు, మోకాళ్ల నొప్పులున్నవారు ఇక్కడ ఆగిపోతే చిన్నతనమేమీ కాదు. కుటుంబంలో పడుచువాళ్లు పైకి వెళ్లి వచ్చేదాకా పెద్దలు ఇక్కడ కూర్చుని ఆ అధ్యాయం చదువుకోవచ్చు. ఆ అధ్యాయం చదవడానికి ఇంతకంటె తగిన చోటు ఎక్కడ దొరుకుతుంది?

శిఖరం మీద ఒక చిన్న ప్రార్థనాలయం, ఒక చిన్న మసీదు ఉన్నాయి. ప్రార్థనాలయాన్ని పాత గుడి శిథిలాల రాళ్లతోనే 1934లో కట్టారు. తెల్లవారేసరికి చుట్టూ ఎటు చూసినా చెట్టులేని ఎఱ్ఱని బండకొండలు, ఒకదాని వెనుక ఒకటి. ఎండ తగలగానే ఒక్కొక్క కొండా రంగు మారుతుంది.

ఇదేనా ఆ కొండ?

మోషే ఎక్కిన కొండ ఇదేనని రుజువు చేసే రాత ఏదీ నేలలో దొరకలేదు. నాలుగవ శతాబ్దం నుండి క్రైస్తవ సన్యాసులు ఈ కొండనే సీనాయిగా గౌరవిస్తూ వచ్చారు. అదే శతాబ్దపు చివర ఏగేరియా అనే భక్తురాలు పడమటి దేశాల నుండి ఇంత దూరం వచ్చి, కొండ ఎక్కి, చూసినదంతా తన సహోదరీలకు ఉత్తరంగా రాసింది. కొందరు పండితులు సెర్బాల్ అనే మరొక కొండను, ఇంకొందరు అరేబియాలోని కొండలను సూచించారు. దేవుడు ఆజ్ఞలిచ్చాడన్న సంగతిని లేఖనం స్పష్టంగా చెప్పింది. కొండకు ఫలకం తగిలించమని మాత్రం చెప్పలేదు. యాత్రికుడు ఈ తేడా తెలుసుకుని వెళితే, ఎవరైనా ప్రశ్నించినప్పుడు కలవరపడడు.

కొండ కింద మఠం

సెయింట్ కేథరిన్ మఠాన్ని ఆరవ శతాబ్దంలో రోమా చక్రవర్తి జస్టీనియన్ కట్టించాడు. బందిపోట్ల భయం వల్ల కోటలాగా చుట్టూ ఎత్తైన రాతిగోడ పెట్టించాడు. చాలా కాలం దానికి మామూలు ద్వారం వాడుకలో లేదు. వచ్చినవారిని పైనుండి తాడుతో లాగుకొనేవారు. అప్పటినుండి ఇప్పటిదాకా అక్కడ ఆరాధన ఆగలేదు. ఇప్పుడు సుమారు ఇరవై మంది గ్రీకు ఆర్థడాక్సు సన్యాసులు ఉంటున్నారు. 2002లో ఐక్యరాజ్య సమితి సంస్థ యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

లోపల ఆరవ శతాబ్దపు చెక్క తలుపులు ఇంకా ఉన్నాయి. గోడనానుకుని ఒక ముళ్లపొద పెరుగుతుంది. మండుచున్న పొద ఇదేనని సన్యాసుల నమ్మకం. మోషే యిత్రో కుమార్తెలకు నీళ్లు చేదినదని చెప్పే బావి కూడా ఉంది. సన్యాసులను పాతిపెట్టే నేల చాలదు గనుక, కొన్నేళ్లకు ఎముకలు తీసి ఒక గదిలో పేరుస్తారు. గుట్టగా ఉన్న ఆ పుర్రెలను చూసి పిల్లలు జడుసుకోకుండా ముందే చెప్పి ఉంచాలి.

ఈ మఠం దాచిపెట్టిన వాటిలో మన అందరికీ సంబంధించినది గ్రంథాలయం. మూడు వేలకు పైగా చేతివ్రాత ప్రతులు అందులో ఉన్నాయి. నాలుగవ శతాబ్దంలో తోలు పత్రాలమీద గ్రీకులో రాసిన ఒక బైబిలు ఇక్కడే బయటపడింది. కొత్త నిబంధన మొత్తం ఉన్న ప్రతులలో మనకు దొరికిన అతి ప్రాచీన ప్రతి అదే. టిషెన్‌డార్ఫ్ అనే జర్మను పండితుడు 1844లో 43 పత్రాలు తీసుకువెళ్లాడు. 1859లో మిగిలినదానిలో ఎక్కువ భాగం రష్యా చక్రవర్తికి చేరింది. అప్పుగా ఇచ్చామని మఠం అంటుంది, కానుకగా వచ్చిందని రష్యా వారి వాదన. 1933లో సోవియెట్ ప్రభుత్వం దాన్ని లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియముకు అమ్మింది. అందులో పెద్ద భాగాన్ని ఇంగ్లండు ప్రజలు చందాలుగా ఇచ్చారు. 1975లో మఠంలో మరి కొన్ని పత్రాలు దొరికాయి.

ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ కూడా చెప్పుకోవాలి. ఆగ్నెస్, మార్గరెట్ అనే కవలలు స్కాట్లండు నుండి వచ్చినవారు, ఇద్దరూ విధవలు. ఆ రోజుల్లో చాలా విశ్వవిద్యాలయాలు స్త్రీలకు పట్టాలు ఇచ్చేవి కావు. వాళ్లు ఇంట్లోనే భాషలు నేర్చుకుని, 1892లో ఒంటెలమీద ఎడారి దాటి ఈ మఠానికి వచ్చారు. భక్తురాండ్ర చరిత్రలున్న ఒక పాత పుస్తకంలో, చెరిపేసిన రాత కింద సిరియా భాషలోని నాలుగు సువార్తలను ఆగ్నెస్ గుర్తించింది. సువార్తల అతి ప్రాచీన అనువాదాలలో అది ఒకటి. చదువుకు, వయసుకు, వైధవ్యానికి సంబంధం లేదని మన ఇళ్లలోని ఆడపిల్లలకు చెప్పదగిన కథ ఇది.

కొండజాతి రైతులు

మఠం చుట్టూ నివసించే బెదూయిన్లను జెబెలియా, అంటే కొండవారు అంటారు. మఠాన్ని కాపాడడానికి జస్టీనియన్ పంపిన కావలివారి సంతతి తామని చెప్పుకుంటారు. వాళ్లిప్పుడు ముస్లిములు. అయినా పధ్నాలుగు వందల ఏళ్లుగా ఈ క్రైస్తవ మఠానికి కావలి కాస్తున్నదీ, తోటపని చేస్తున్నదీ వాళ్లే. కొండకు దారి చూపేదీ, ఒంటెలు నడిపేదీ వాళ్లే.

మన రైతులు చూడవలసింది వాళ్ల తోటలు. ఆ బండకొండల మధ్య బాదం, అంజూరం, దానిమ్మ, ద్రాక్ష, ఆప్రికాట్ పండిస్తారు. ఎఱ్ఱ బండలో అక్కడక్కడా నిలువుగా నల్లరాతి పొరలు చొచ్చుకుని ఉంటాయి. బండ నెఱ్ఱెల గుండా దిగిన వాన నీరు ఆ నల్లరాతి పొర దగ్గర అడ్డుపడి నిలుస్తుంది. బెదూయిను ఆ పొర పక్కన బావి తవ్వుతాడు. వాదీకి అడ్డంగా రాతికట్ట వేసి, వరదతో వచ్చిన మట్టిని ఆపి, ఆ మట్టిలోనే చెట్టు నాటుతాడు. చుట్టూ గోడ కట్టి మేకలనుండి కాపాడుకుంటాడు. చెక్‌డ్యాములని మనం ఇప్పుడు పిలుచుకునే పనిని వాళ్లు తరతరాలుగా చేస్తున్నారు.

వాళ్ల గుడారాలు మేకవెండ్రుకలతో నేసినవి. ప్రత్యక్ష గుడారానికి మేకవెండ్రుకల తెరలు చేయమని నిర్గమకాండము 26లో ఎందుకున్నదో వాటిని చూస్తే తెలుస్తుంది. మందసానికి వాడిన తుమ్మకఱ్ఱ ఎడారి చెట్టే. వాదీల్లో ఇప్పటికీ ఆ జాతి చెట్లు గొడుగుల్లా నిలబడి ఉంటాయి. పడమటి వైపున ఫెయిరాన్ వాదీలో ఖర్జూరపు తోపులున్నాయి. అమాలేకీయులతో యుద్ధం జరిగిన రెఫీదీము అదేనని పాతకాలం నుండి చెప్పుకుంటారు. ఆ ప్రాంతపు పిచుల వృక్షాలమీద ఒక చిన్న పురుగు వేసవి మొదట్లో తియ్యని బిందువులను విడుస్తుంది. బెదూయిన్లు దాన్ని మన్న అనే పిలుస్తారు. అయితే అది ఏటా కొద్ది వారాలే, కొద్దిపాటిగానే దొరుకుతుంది. ఒక జనాంగమంతటికీ నలభై ఏళ్లు అనుదినం దొరికిన ఆహారాన్ని ఆ చెట్టు వివరించలేదు.

లోయకు వచ్చిన కొత్త చిక్కు

ఇన్ని శతాబ్దాలు నిశ్శబ్దంగా ఉన్న ఆ లోయలో ఇప్పుడు యంత్రాల మోత వినిపిస్తోంది. 2021లో ఐగుప్తు ప్రభుత్వం సెయింట్ కేథరిన్ ఊరిలో ఒక పెద్ద నిర్మాణ పథకం మొదలుపెట్టింది. హోటళ్లు, విడిది ఇళ్లు, సందర్శకుల కేంద్రం, విమానాశ్రయ విస్తరణ అందులో ఉన్నాయి. ఇశ్రాయేలీయులు దిగిన చోటుగా చెప్పుకునే రాహా మైదానం దాకా కట్టడాలు వచ్చాయి. బెదూయిన్ల పాత శ్మశానాన్ని తొలగించారు. ఉద్యోగాలు వస్తాయని, అన్ని మతాల యాత్రికులకూ వసతి దొరుకుతుందని ప్రభుత్వం చెబుతోంది. 2025 మేలో ఐగుప్తు న్యాయస్థానం మఠపు స్థలాలు ప్రభుత్వానివని, సన్యాసులకు వాటిని వాడుకునే హక్కు ఉందని తీర్పు చెప్పింది. గ్రీసు దేశం, ఆర్థడాక్సు సంఘాలు దీనిపై ఆందోళన తెలిపాయి. మఠం పవిత్రతకు భంగం కలగనివ్వమని ఐగుప్తు ప్రభుత్వం మాట ఇచ్చింది.

వసతులు కోరేది మనబోటి యాత్రికులమే. మనం ఎక్కువమందిమి వెళ్లే కొద్దీ మనం వెదకి వెళ్లిన ఆ నిశ్శబ్దం తగ్గిపోతుంది. కొండమీద మైకు పెట్టి పాటలు పాడడం, ప్లాస్టిక్ సీసాలు పారవేయడం, రాయి మీద పేర్లు చెక్కడం మన బృందాలు చేయకూడని పనులు. నీళ్ల బరువు ఒంటెపై వేసి, ఖాళీ సీసాలు కొండమీద వదలి దిగేవాడు మంచి సాక్షి కాలేడు.

వెళ్లేవారికి కొన్ని మాటలు

మన దేశంనుండి వెళ్లే బృందాలు సాధారణంగా కైరోనుండి సూయజు మీదుగా వచ్చి, కొండ కింద ఒక రాత్రి ఉండి, తాబా సరిహద్దు దాటి ఇశ్రాయేలుకు పోతాయి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఈ యాత్రలు బాగా తగ్గాయి. బయలుదేరేముందు పరిస్థితి విచారించుకోవాలి. పరిశుద్ధ దేశ యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక సాయం ప్రకటించింది. 2019లో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి దాన్ని 60 వేల రూపాయలకు పెంచింది. ప్రస్తుత నియమాలు సంబంధిత కార్యాలయంలో అడగాలి. పొలం తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి మాత్రం ఎవరూ వెళ్లవద్దు. సీనాయి చూడనివారు దేవునికి దూరమైనవారు కారు.

మఠం సాధారణంగా శుక్ర, ఆదివారాల్లో సందర్శకులకు తెరవరు. మిగతా రోజుల్లో ఉదయం కొద్ది గంటలే. ఆదివారం అక్కడ ఆరాధించవచ్చుననుకుని వచ్చి వెనుదిరిగినవారు ఉన్నారు. ఉన్ని దుస్తులు, టార్చిలైటు, గట్టి చెప్పులు, కొద్దిగా తినుబండారాలు, వాడే మందులు వెంట ఉంచుకోవాలి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా కొండ ఎక్కరాదు. బెదూయిను స్త్రీలను అడగకుండా ఫోటో తీయరాదు.

వెళ్లలేని కుటుంబాలు ఈ నెల ఒక పని చేయవచ్చు. బైబిలు చివర ఉన్న పటాలలో నిర్గమ మార్గాన్ని తెరచి పిల్లల ముందు పెట్టండి. నిర్గమకాండము 15 నుండి 20 వరకు రోజుకొక అధ్యాయం కుటుంబ ప్రార్థనలో చదవండి. మారా చేదునీళ్లు, ఏలీములోని పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బది ఈతచెట్లు, పూరేళ్లు, బండలోని నీళ్లు వరుసగా వస్తాయి. ఐదవ రోజున కొండ దగ్గరికి చేరతారు. అంతటితో ఆపక, ఏడవ రోజున ఏలీయా అధ్యాయం కూడా చదవండి. అలసిపోయి వచ్చిన ప్రవక్తను దేవుడు ఆ కొండమీద కాపురముండనియ్యలేదు. నీకిక్కడ ఏమి పని అని అడిగి, వచ్చిన దారినే తిరిగి పంపాడు. చేయవలసిన పని ఆయన వదలి వచ్చిన ఊళ్లలోనే ఉంది.